సొంత కోట్ ఆఫ్ ఆర్మ్స్: గుర్తుకి అర్థం ఎంచుకోవడం నుంచి డాలు మీద పెట్టేదాకా

"మా ఇంటిపేరుకి కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఏది?" "సింహం పెడితే ధైర్యమా, రాజసమా?" "ఎరుపుకి అర్థం ఏంటి?" నన్ను ఎక్కువమంది అడిగేవి ఈ మూడే. కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటే ఒక మనిషిని గుర్తుపట్టించడానికి డాలు మీద గీసే యూరప్ పద్ధతి చిహ్నం. ముందు పొట్టి జవాబులు చెప్పేస్తాను. ఇంటిపేరుకంటూ కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉండదు, మనిషికి ఉంటుంది. సింహానికి మీరు చెప్పిన అర్థమే అర్థం. ఎరుపుకి అర్థం ఏమీ లేదు, మీరు పెడితే తప్ప.

పొడుగు జవాబు ఈ మార్గదర్శి. ఇందులోది ఇంగ్లండ్, స్కాట్లాండ్ పద్ధతి. కెనడా, దక్షిణాఫ్రికా లాంటి చోట్ల నడిచేదీ దాదాపు ఇదే. విషయం తేలిగ్గా పట్టుబడటానికి ఒక ఊహా మనిషిని మొదటి నుంచి చివరిదాకా వెంట తీసుకెళ్దాం: ఇంటిపేరు తాటి, సొంతూరు గోదావరి ఒడ్డున, ఉద్యోగం ఆస్పత్రిలో నర్సు, ఎక్కువగా నైట్ డ్యూటీలు.

## 1. ఏ భాగాన్ని ఏమంటారో తేల్చుకోండి

ఇక్కడ తప్పు అర్థమైతే తర్వాత ప్రతి అడుగులోనూ గందరగోళమే.

- డాలు: అసలు సరుకు ఇదే. మిగతావి ఏవీ లేకపోయినా డాలు ఒక్కటి ఉంటే కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉన్నట్టే.
- నేల: డాలు మీద వెనక పరుచుకున్న రంగు.
- చార్జ్: నేల మీద పెట్టే బొమ్మ ఏదైనా. చెట్టు, జంతువు, పట్టీ, పనిముట్టు.
- శిరస్త్రాణం: డాలు పైన ఇనప టోపీ. దాని మీద చుట్టిన రెండు రంగుల గుడ్డ చుట్ట, భుజాల మీదికి జారే గుడ్డ పీలికలు కూడా ఇందులోకే వస్తాయి.
- క్రెస్ట్: శిరస్త్రాణం నెత్తిన నిలబడే బొమ్మ మాత్రమే.
- మోటో: పట్టీ మీద రాసే మాట.
- సపోర్టర్లు: డాలుని అటూ ఇటూ పట్టుకుని నిలబడే జంతువులు, మనుషులు.

మొత్తం బొమ్మని "ఫ్యామిలీ క్రెస్ట్" అనడం అలవాటైపోయింది. అది తలపాగాలోని ఈకని చూపించి పెళ్లికొడుకు అన్నట్టు ఉంటుంది. ఇంటిపేరు టైపు చేస్తే ఫ్రేము కట్టి పంపే దుకాణాలు అమ్మేది కూడా వేరే ఎవరో ఒక మనిషికి దక్కిన డాలునే.

సపోర్టర్ల మీద ఆశ ఇప్పుడే వదిలేయండి. ఇంగ్లండ్ పద్ధతిలో అవి ప్రభువులకీ, పెద్ద హోదా ఉన్న నైట్‌లకీ, కొన్ని సంస్థలకీ ఇస్తారు. కిరీటం, బంగారు కడ్డీల శిరస్త్రాణం కూడా అంతే. మనలాంటివాళ్లకి ముఖం మూసిన ఉక్కు శిరస్త్రాణం చాలు.

## 2. బొమ్మ గీయకముందు కాగితం నింపండి

చాలామంది నేరుగా పెన్సిల్ పట్టుకుంటారు, లేదా యాప్ తెరుస్తారు. వద్దు. ముందు ఒక తెల్లకాగితం మీద ఈ కింది వాటికి ఒక్కొక్క వాక్యం రాయండి.

- ఇంటిపేరుకి నిఘంటువు అర్థం, ఊళ్లో చెప్పుకునే అర్థం
- అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు
- సొంతూరు: నది, చెరువు, గుట్ట, పంట, చెట్టు
- చేసే పని, దానిలో చేతికి తగిలే వస్తువు ఒకటి
- ఇంట్లో తరచూ చెప్పుకునే ఒక నిజమైన సంగతి
- ఎంతమంది పిల్లలు, తోబుట్టువులు (సంఖ్య పనికొస్తుంది)
- మీకు అస్సలు నచ్చని గుర్తులు, రంగులు

ఇక్కడ రెండు హెచ్చరికలు. గోత్రం పెట్టమని పెద్దవాళ్లు అడుగుతారు. గోత్రం ఋషి పేరు. ఋషిని డాలు మీద గీస్తే ఏ ఋషి బొమ్మైనా ఒకేలా ఉంటుంది. రెండోది, ఇది కులం గుర్తు కాదు. కులసంఘం లోగోలో ఉన్న బొమ్మని తెచ్చి పెడితే మీ గురించి అది ఏమీ చెప్పదు.

మన తాటివారి కాగితంలో తేలినవి: తాటిచెట్టు, గోదావరి, దీపం, దసరాకి చూసే పాలపిట్ట, రాత్రి మెలకువ. ఐదు. వీటిలోంచి రెండు మూడే డాలు దాకా వస్తాయి.

## 3. అర్థాల పట్టికలు పక్కన పెట్టండి

ఇంటర్నెట్‌లో వెతికితే పెద్ద పట్టికలు దొరుకుతాయి: బంగారం అంటే ఔదార్యం, నీలం అంటే విశ్వాసం, నలుపు అంటే దుఃఖం, ఎలుగుబంటి అంటే ఇంకేదో. ఇవి తర్వాతి కాలం రచయితలు అల్లి పెట్టినవి. లండన్‌లో 1484 నుంచి నడుస్తున్న, ఈ డాళ్లు మంజూరు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ కూడా రంగుకి ఇది, జంతువుకి ఇది అని కట్టుదిట్టమైన అర్థం ఏదీ పెట్టలేదు.

మరి అర్థం ఎక్కడినుంచి వస్తుంది? ఆ మనిషి జీవితంలోంచి. 2011లో, బ్రిటన్ యువరాజు విలియంతో పెళ్లికి ముందు, కేథరిన్ మిడిల్టన్ తండ్రికి ఇచ్చిన డాలు చూడండి. సగం నీలం, సగం ఎరుపు. మధ్యలో తలకిందులు చేసిన వి ఆకారంలో బంగారు పట్టీ. దానికి పైనా కిందా సన్నటి తెల్ల గీతలు. చుట్టూ మూడు ఓక్ కాయలు.

మూడు కాయలు ఎందుకంటే ఆ ఇంట్లో పిల్లలు ముగ్గురు. ఓక్ ఎందుకంటే వాళ్లు పెరిగిన బెర్క్‌షైర్ ప్రాంతంలో ఆ చెట్లు ఎక్కువ. మధ్యలో పట్టీకి బంగారు రంగు ఎందుకంటే కేథరిన్ తల్లి పుట్టింటి పేరు గోల్డ్‌స్మిత్. తెల్ల గీతలు కొండల్ని, మంచు మీద స్కీయింగ్‌ని తలపిస్తాయి. ఇందులో పట్టికలోంచి ఎత్తిన అర్థం ఒక్కటీ లేదు. ధైర్యం, గౌరవం, సత్యం లాంటి పెద్ద మాటలూ లేవు.

మీ గుర్తు సరైనదో కాదో తేల్చే ప్రశ్న ఒకటే ఉంది: ఇది పక్కింటివాళ్లకి కూడా సరిపోతుందా? సరిపోతే కొట్టేయండి. "సింహం, మా నాన్న ధైర్యవంతుడు" అనేది పక్కింటికే కాదు, వీధి మొత్తానికీ సరిపోతుంది. "మూడు చేంతాళ్లు, మా తాత ఊరికి మూడు బావులు తవ్వించాడు" అనేది ఒక్క ఇంటికే సరిపోతుంది.

గుర్తుని వడపోసే చెక్‌లిస్ట్:

- కంటికి కనిపించే వస్తువా? ("సేవ" అని గీయలేం, దీపం గీయగలం)
- వివరణ ఒక్క వాక్యంలో అయిపోతుందా?
- ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిజమేనా? (ఇప్పటి కంపెనీ, ఇప్పటి కారు వద్దు)
- ఏ పార్టీ గుర్తులానో ఉందా? సైకిలు, ఫ్యాను, కారు, కమలం, చెయ్యి, గాజుగ్లాసు: మన రెండు రాష్ట్రాల్లో వీటిని ఎంత అందంగా గీసినా ఓటు అడుగుతున్నట్టే ఉంటుంది
- విదేశాల్లో వాడతారా? అయితే స్వస్తిక్ వద్దు. మన గడప మీది అర్థం అక్కడ ఎవరికీ తట్టదు

## 4. ఇంటిపేరు మీద శ్లేష: తెలుగువాళ్లకి దక్కిన గని

హెరాల్డ్రీలో, అంటే కోట్ ఆఫ్ ఆర్మ్స్ కట్టే విద్యలో, దీన్ని కాంటింగ్ అంటారు. పేరు పలికితే వినిపించే మాటనే బొమ్మగా పెట్టడం. దీన్ని చవకబారు చమత్కారం అనుకోకండి. స్పెయిన్‌లో కాస్టీల్ రాజ్యానికి కోట, లియోన్ రాజ్యానికి సింహం పుట్టింది ఇలాగే. బ్రిటన్‌లోని బోస్-లయన్ కుటుంబం డాలులో విల్లులు, సింహాలు ఉంటాయి. 1596లో షేక్‌స్పియర్ తండ్రికి ఇచ్చిన డాలులో బంగారు నేల మీద నల్లటి ఏటవాలు పట్టీ, ఆ పట్టీ మీద ఈటె ఉంది. 'స్పియర్' అంటే ఈటె కదా మరి.

మన ఇంటిపేర్ల దగ్గర ఇది ఇంకా బాగా పండుతుంది. పులి, ఏనుగు, గుర్రం, నక్కా, మేకా, కత్తి, కోట, గంటా, తోట, మల్లెల, మామిడి, చింతల, వేముల, గుమ్మడి, వంకాయల. బొమ్మ పేరులోనే ఉంది, వెతకాల్సిన పని లేదు. వంకాయలవారు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బంగారు నేల మీద మూడు ఊదా వంకాయలు పెడితే ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టే డాలు అవుతుంది. నా కంటికి అది నూటొక్క సింహాల కంటే మేలు.

ఊరిపేరుతో వచ్చిన ఇంటిపేరైతే ముక్కలు చేయండి. పసుపులేటి: పసుపు రంగు నేల, అల గీత. నెమలికంటి: నెమలి ఈక మీది కన్ను. చిలుకూరి: చిలుక. భాషాశాస్త్రం ప్రకారం ఆ పేరు అలా పుట్టి ఉండకపోవచ్చు. ఫరవాలేదు, శ్లేషకి చెవి ఒప్పుకుంటే చాలు.

పేరులో బొమ్మ దొరకనివాళ్లు అమ్మ పుట్టింటి పేరు చూడండి. అక్కడా లేకపోతే ఊరు, వృత్తి.

## 5. రంగులు: నంబరు ప్లేటు సూత్రం

హెరాల్డ్రీలో రంగులు రెండు గుంపులు.

- లోహాలు: బంగారం (ఓర్, పసుపు వేసినా అదే), వెండి (ఆర్జెంట్, తెలుపు వేసినా అదే)
- రంగులు: ఎరుపు (గ్యూల్స్), నీలం (అజ్యూర్), ఆకుపచ్చ (వర్ట్), నలుపు (సేబుల్), ఊదా (పర్ప్యూర్)

జంతువుల బొచ్చు నమూనాలు కూడా ఉన్నాయి కానీ మొదటిసారి వాటి జోలికి వెళ్లకండి.

నియమం: లోహం మీద లోహం వద్దు, రంగు మీద రంగు వద్దు. బండి నంబరు ప్లేట్లు తలుచుకోండి. తెలుపు మీద నలుపు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు, కరెంటు బండికి ఆకుపచ్చ మీద తెలుపు. ఇవన్నీ తెలియకుండానే ఈ నియమం పాటిస్తున్నాయి, కారణం కూడా అదే: దూరం నుంచి చదవగలగాలి.

పాత జెరూసలేం రాజ్యం డాలులో వెండి మీద బంగారు శిలువలు ఉన్నాయి. నియమం తప్పిన ఉదాహరణ అనగానే అందరూ దాన్నే చూపిస్తారు. దాన్ని చూపించి మీరూ మినహాయింపు తీసుకోకండి.

నియమం చెప్పేది నేల మీద పెట్టిన బొమ్మ గురించి. పక్కపక్కన ఉన్న రెండు నేలలకి ఇది వర్తించదు. అందుకే మిడిల్టన్ డాలులో నీలం, ఎరుపు పక్కపక్కన ఉన్నా తప్పు కాలేదు.

మొత్తం మీద మూడుకి మించి రంగులు వాడకండి. తాటివారికి: బంగారు నేల (గోదావరి గట్టు మీది ఇసుక అనుకోండి), ఆకుపచ్చ చెట్టు, నీలం నీళ్లు.

లేత గులాబీ, నెమలికంఠం రంగు అని అడుగుతారు. హెరాల్డ్రీలో నీలం అంటే నీలమే. ఎంత ముదురు, ఎంత లేత అన్నది గీసేవాడి ఇష్టం.

## 6. డాలుని విడగొట్టడం

ముందు నేలని ఒకే రంగుగా ఉంచి చూడండి. అది చాలకపోతేనే విడగొట్టండి.

- నిలువుగా రెండు సగాలు: రెండు ఇళ్లు, రెండు దేశాలు చెప్పాలంటే
- అడ్డంగా రెండు సగాలు: నేల-నీరు, పగలు-రాత్రి
- అడ్డపట్టీ, నిలువుపట్టీ, ఏటవాలు పట్టీ, తిరగేసిన వి పట్టీ: రోడ్డు, నది, కొండ లాంటి వాటికి
- పైభాగంలో పట్టీ: అదనంగా ఒక చిన్న గుర్తు పెట్టుకోవాలంటే

విడగొట్టే గీత తిన్నగానే ఉండాలని లేదు. అలలా ఉంటే నీళ్లు, కోట గోడ పళ్లలా ఉంటే కట్టడం, రంపం పళ్లలా ఉంటే కొండలు. గీత మార్చితే బొమ్మ పెట్టకుండానే ఊరు వచ్చేస్తుంది.

తాటివారి మొదటి ప్రయత్నంలో డాలుని అల గీతతో అడ్డంగా సగం చేశాం. పైన బంగారం మీద తాటిచెట్టు, కింద నీలం మీద బంగారు దీపం. కాగితం మీద వాక్యం బాగుంది. గీస్తే చెట్టు పై సగంలో ఇరుక్కుని క్యాబేజీలా తయారైంది. తాటిచెట్టుకి పొడుగే అందం. అందుకని నీలాన్ని కింద మూడో వంతుకి దించి, చెట్టుని నీళ్లలోంచి డాలు పైదాకా లేపాం. దీపం డాలులోంచి బయటికి పోయింది. దాన్ని క్రెస్ట్‌లో చూద్దాం.

ఇలాంటి దెబ్బ అందరికీ తగులుతుంది. పొడుగు వస్తువుకి నిలువు జాగా, వెడల్పు వస్తువుకి అడ్డం జాగా ఇవ్వండి. మూడు బొమ్మలైతే పైన రెండు, కింద ఒకటి. డాలు కిందికి సన్నబడుతుంది కాబట్టి.

## 7. దిక్కు, భంగిమ

డాలుకి కుడి ఎడమలు పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మీకు ఎడమవైపు కనిపిస్తుంది కదా, అంతే. జంతువులు మామూలుగా డాలు కుడివైపుకి, అంటే మీకు ఎడమవైపుకి చూడాలి. యాప్‌లో బొమ్మ తిప్పేసి పంపినవాళ్లు నాకు చాలామంది తగిలారు.

జంతువు పెడితే భంగిమ చెప్పాలి: వెనక కాళ్ల మీద లేచి పంజా విసురుతున్నట్టా (రాంపంట్), నడుస్తున్నట్టా (పాసంట్), కూర్చున్నట్టా (సేజంట్), పడుకుని తల ఎత్తినట్టా (కౌచంట్). మొహం మనవైపు తిప్పి చూస్తే దానికి గార్డంట్ అని చేర్చాలి.

పులి ఇంటిపేరువాళ్లకి ప్రత్యేక జాగ్రత్త. హెరాల్డ్రీలో ఉత్త 'టైగర్' అని రాస్తే చిత్రకారుడు చారలు లేని, ముక్కు కొసన కోర ఉన్న ఒక కల్పిత మృగాన్ని గీయవచ్చు. మన పులి కావాలంటే 'బెంగాల్ టైగర్' అని రాయాలి. జింకల్లోనూ ఇదే చిక్కు. కృష్ణజింక కావాలంటే 'ఇండియన్ బ్లాక్‌బక్' అని తేల్చి చెప్పండి. 'సీ హార్స్' అంటే పైన గుర్రం, కింద చేప వస్తుంది.

## 8. క్రెస్ట్, మోటో

క్రెస్ట్ నిజంగా ఒక టోపీ మీద నిలబడగలగాలి. గాల్లో తేలే నక్షత్రం, మబ్బు, ఇంద్రధనుస్సు పనికిరావు. డాలులో ఉన్న బొమ్మనే మళ్లీ పెట్టకండి, జాగా వృథా.

తాటివారి దీపానికి ఇక్కడ చోటు దొరికింది. నర్సింగ్ కాలేజీలో చేరినప్పుడు దీపం వెలిగించే వేడుక ఉంటుంది, ఆ దీపం ఇది. ఒట్టి ప్రమిద టోపీ మీద బోసిగా ఉంది. హెరాల్డ్రీలో పాత పద్ధతి ఒకటుంది, వస్తువుని రెండు రెక్కల మధ్య పెట్టడం. నీలి రెక్కలు అనగానే కాగితంలో మిగిలిపోయిన పాలపిట్ట వచ్చి కూర్చుంది. క్రెస్ట్: రెండు నీలి రెక్కల మధ్య వెలుగుతున్న బంగారు ప్రమిద.

మోటో ఏ భాషలోనైనా ఉండొచ్చు. రాని లాటిన్‌లో యంత్రానువాదం చేయించకండి. శ్లోకం పాదం కంటే మీ ఇంట్లో నోటిమీద ఉన్న మాట మంచిది. ఐదు మాటలు దాటకూడదు. తాటివారిది: "మేలుకునే ఉన్నా". ఇంగ్లండ్‌లో మోటోని తర్వాత మార్చుకోవచ్చు. స్కాట్లాండ్‌లో అది గ్రాంట్‌లో, అంటే అధికారికంగా మంజూరు చేసే పత్రంలో, భాగం కాబట్టి ఆలోచించి పెట్టుకోవాలి.

డాలు మీద మాత్రం అక్షరాలు వద్దు. ఇంటిపేరు మొదటి అక్షరం, పుట్టిన సంవత్సరం, ఓం: ఏదీ వద్దు.

## 9. బ్లేజన్: బొమ్మ కంటే వాక్యం ముఖ్యం

కొత్తవాళ్లకి మింగుడుపడనిది ఇదే. కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటే ఫలానా బొమ్మ కాదు, ఫలానా వాక్యం. ఆ వాక్యాన్నే బ్లేజన్ అంటారు. ఒకే బ్లేజన్ చదివి పదిమంది చిత్రకారులు పది రకాలుగా గీస్తారు. పదీ మీ కోట్ ఆఫ్ ఆర్మ్సే. త్యాగరాజ కీర్తన ఒక్కొక్కరు ఒక్కోలా పాడినా కీర్తన అదే కదా, అలాగ.

వాక్యం కట్టే వరుస మారకూడదు:

1. నేల రంగు, లేదా విభజన, ఆ భాగాల రంగులు
2. ముఖ్యమైన బొమ్మ లేదా పట్టీ, దాని భంగిమ, దాని రంగు
3. చుట్టూ ఉన్న చిన్న బొమ్మలు
4. ముఖ్యమైన బొమ్మ మీద పెట్టినవి
5. పైపట్టీ, అంచు ఉంటే అవి
6. క్రెస్ట్
7. మోటో

రంగు ఎప్పుడూ వస్తువు తర్వాత వస్తుంది. తాటివారి బ్లేజన్ ఇంగ్లీషు పద్ధతిలో ఇలా చదవాలి: "ఓర్, ఇష్యూయెంట్ ఫ్రమ్ ఎ బేస్ వేవీ అజ్యూర్, ఎ పామైరా పామ్ ట్రీ వర్ట్." అదే తెలుగులో: బంగారు నేల, కింద అల అంచుతో నీలం, ఆ నీలంలోంచి లేచిన ఆకుపచ్చ తాటిచెట్టు. మొత్తం అంతే.

ఆకుపచ్చ చెట్టు మొదలు నీలాన్ని తాకుతోంది కదా, నియమం తప్పలేదా? లేదు. చెట్టు నిలబడింది బంగారు నేల మీద. నీలం దాని పాదాల దగ్గర పక్కన ఉంది.

బ్లేజన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఫోను పరీక్ష చేయండి. బొమ్మ చూడని మనిషికి ఫోన్లో వాక్యం చదివి వినిపించి గీయమనండి. చెట్టు ఎక్కడో, రంగు ఏదో అతను తిరిగి అడిగితే, వాక్యంలో ఆ చోట చిల్లు ఉంది. బొమ్మని కాకుండా వాక్యాన్ని సరిచేయండి.

## 10. ఖాయం చేసేముందు పరీక్షలు

నా మొదటి డాలులో తొమ్మిది గుర్తులు పెట్టాను. పుస్తకం, వీణ, నాగలి, దేవాలయ గోపురం, ఇంకా ఏవేవో. పెద్ద కాగితం మీద చూసి మురిసిపోయాను. ముద్ర ఉంగరం చేయిద్దామని కంసాలి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన భూతద్దంలో చూసి "ఇందులో ఏది ఉంచమంటారు?" అన్నాడు. ఆ ప్రశ్నతో ఎనిమిది పోయాయి.

- రెండు సెంటీమీటర్ల పరీక్ష: అంత చిన్నగా ప్రింటు తీయండి. ఏం బొమ్మో తెలియాలి.
- పది అడుగుల పరీక్ష: గోడకి అంటించి పది అడుగులు వెనక్కి నడవండి.
- రంగు లేని పరీక్ష: నలుపు-తెలుపులో జిరాక్స్ తీయండి. రంగుల్ని గీతలతో చూపే పద్ధతి ఉంది: బంగారానికి చుక్కలు, వెండికి ఖాళీ, ఎరుపుకి నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, నలుపుకి నిలువు-అడ్డం గళ్లు. ఆకుపచ్చకి, ఊదాకి ఏటవాలు గీతలు, ఒకదానికొకటి ఎదురు దిక్కులో.
- పోలిక పరీక్ష: ఇప్పటికే ఉన్న డాలుతో సరిగ్గా సరిపోతోందా వెతకండి. నీలం మీద ఒంటరి బంగారు సింహం లాంటివి ఎప్పుడో ఎవరో తీసేసుకుని ఉంటారు. తాటిచెట్టు, వంకాయ పెట్టినవాళ్లకి ఈ టెన్షన్ తక్కువ.
- వారం పరీక్ష: ఒక వారం కనపడకుండా దాచి మళ్లీ చూడండి. ఏదో తీసేయాలనిపిస్తే తీసేయండి. చేర్చాలనిపిస్తే ఆగండి.

## 11. తరచూ వచ్చే పొరపాట్లు, సవరణలు

నాలుగు గడులు చేసి నాలుగు బొమ్మలు పెట్టడం. బడి లోగోల ప్రభావం. హెరాల్డ్రీలో నాలుగు గడులు సాధారణంగా వేరువేరు వంశాల డాళ్లు ఒకచోట కలిసినప్పుడు వస్తాయి. సవరణ: ఉన్న నాలుగులో ఒకటి ఎంచుకోండి.

నాలుగు సింహాల స్తంభం, అశోక చక్రం వాడటం. ఇది అభిరుచికి సంబంధించిన తప్పు మాత్రమే కాదు. జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే 2005 చట్టం ఉంది. పూర్ణకుంభం ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలోనూ, కాకతీయ కళాతోరణం, చార్మినార్ తెలంగాణ చిహ్నంలోనూ ఉన్నాయి; ఆ అమరికని పోలినట్టు గీయకండి.

పాత రాజుల లాంఛనం ఎత్తుకోవడం. వరాహం అందంగానే ఉంటుంది. కానీ తూర్పు చాళుక్యుల రాగిశాసనాల ముద్రల మీద వరాహం ఉంది, విజయనగర లాంఛనంలో సూర్యచంద్రులు, కత్తితో పాటు వరాహం ఉంది. ఆ అమరిక మొత్తం తెచ్చుకుంటే మీరు వాళ్ల వారసులమని చెప్పుకున్నట్టే. సవరణ: కారణం ఉంటే ఒక్క వరాహాన్ని వేరే భంగిమలో, వేరే జతతో వాడుకోండి.

ఎడమ నుంచి దిగే ఏటవాలు పట్టీకి భయపడటం. అది అక్రమ సంతానానికి గుర్తు అని నవలల్లో చదివి ఉంటారు. పూర్తి పట్టీకి ఆ అర్థం లేదు.

ఆడవాళ్లకి కుదరదనుకోవడం. కుదురుతుంది. ఇంగ్లండ్‌లో స్త్రీలు డాలుకి బదులు వజ్రాకారపు పలక వాడటం ఆనవాయితీ. మిడిల్టన్ పలకకి నీలం రిబ్బన్ కట్టింది పెళ్లికాని అమ్మాయి అని చెప్పడానికి. కెనడాలో ఇంత తేడా చూపరు. కూతుళ్లకి వేయాల్సిన తేడా గుర్తుల వరుస కూడా అక్కడ ఉంది.

పిల్లల సంగతి మర్చిపోవడం. ఇంగ్లీషు పద్ధతిలో పెద్దకొడుకు డాలు మీద దువ్వెనలా మూడు పళ్లున్న పట్టీ, రెండోవాడికి నెలవంక, మూడోవాడికి ఐదు కోణాల నక్షత్రం. ఇవి పట్టడానికి పైభాగంలో కాస్త ఖాళీ ఉంచండి. తాటాకులు అంచులదాకా పరిస్తే ఆ జాగా ఉండదు.

## 12. ఎక్కడ నమోదు చేయించాలి

ఇండియాలో కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఇచ్చే అధికార సంస్థ లేదు. అమెరికాలోనూ వ్యక్తులకి ఇచ్చే సంస్థ లేదు. ఇలాంటి చోట్ల మీది మీరే స్వీకరించి వాడుకోవచ్చు, ఇంకొకరిది ఎత్తుకోనంతవరకు. గీసిన బొమ్మకి కాపీరైట్ ఉంటుంది. చిత్రకారుడికి డబ్బిచ్చి గీయిస్తే హక్కులు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. వ్యాపారానికి వాడితే ట్రేడ్‌మార్క్ విషయం వేరే చూసుకోవాలి.

ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కి రాయాలి. మీ వివరాలు చూసి, ఆ సంస్థ మీద అధికారి అయిన ఎర్ల్ మార్షల్‌కి అర్జీ పెట్టించి, అక్కడ పనిచేసే హెరాల్డ్ అనే అధికారి ఒకరు మీతో కూర్చుని డిజైన్ చేస్తారు. ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది. చేతితో రాసి రంగులు వేసిన పత్రం ఇస్తారు. స్కాట్లాండ్‌లో ఈ పని చూసేది లార్డ్ లయన్ అనే అధికారి కార్యాలయం. కెనడా పౌరులకి 1988లో మొదలైన కెనడియన్ హెరాల్డిక్ అథారిటీ ఉంది. దక్షిణాఫ్రికాలో బ్యూరో ఆఫ్ హెరాల్డ్రీ 1962 నాటి చట్టం కింద నమోదు చేస్తుంది. డర్బన్ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్న మన తెలుగు కుటుంబాలు ఆ దారి చూడొచ్చు.

వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సినవి:

- 2వ అడుగులో నింపిన కాగితం
- బ్లేజన్ వాక్యం, మీరు గీసిన చిత్తుబొమ్మ
- ఒక్కో గుర్తుకి ఒక్కో వాక్యం వివరణ
- అస్సలు మార్చకూడనిది ఏదో ఒక్కటి (తాటివారికి చెట్టు), మిగతావి సర్దుకుంటామనే మనసు

నమోదు చేయించినా, చేయించకపోయినా, ఆ వివరణ కాగితాన్ని బొమ్మ వెనకే అంటించి ఫ్రేము కట్టించండి. పటం ముందు నిలబడి "ఈ తాటిచెట్టు ఏంటి నానమ్మా?" అని అడిగే పిల్లకి, వెనక్కి తిప్పితే జవాబు దొరకాలి.